జానెడున్నర దూరం

"ఎంత దూరంరా అది?" అని మా అమ్మ అడిగింది, 2022 దసరా సెలవుల్లో, పూలు కడుతూ. అది అంటే శాన్‌ఫ్రాన్సిస్కో. మా తమ్ముడు ఆ పక్కనే ఉద్యోగం చేస్తూ కాపురముంటున్నాడు.

పధ్నాలుగు వేల కిలోమీటర్లు అని చెప్పాను. అమ్మకు ఆ జవాబు రుచించలేదు. మాది ములబాగిలు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. ఆ పల్లెలో దూరాన్ని ఎవరూ కిలోమీటర్లలో చెప్పరు. కోలారుకు పోవాలంటే ఒక పూట, తిరుపతికి ఒక పొద్దు, అంతే. బెంగళూరులో నలభై ఏళ్ళుగా ఉంటున్నా అమ్మ లెక్క అదే.

"అది కాదు నాయనా, పోయేదానికి ఎన్ని పొద్దులు?" అని మళ్ళీ అడిగింది. ఒక నిమిషం ఆగి, "వాడు వచ్చేదానికి?" అంది.

అప్పుడు గాని ఆమె దేన్ని గురించి అడుగుతున్నదో నాకు తట్టలేదు. పాఠకులకు తెలియని ఆచారం కాదు: తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు. పెద్దవాణ్ణి నేను, ఎదురుగా ఉన్నాను. చిన్నవాడు భూమికి అవతల ఉన్నాడు.

ఈ లెక్కలో నేనొకసారి ఘోరంగా తప్పాను. 2019 జనవరిలో మా నాయన పోయారు. గురువారం తెల్లవారుజామున 5.40కి తమ్ముడికి ఫోను చేశాను. వాడికి అప్పుడు బుధవారం సాయంత్రం 4.10. ఆ రాత్రి పది గంటల విమానంలో చోటు దొరికింది. నేను ఫోను పక్కన పెట్టి, వోచరు వెనకాల లెక్క వేశాను. అక్కడి రాత్రి పది అంటే మనకు గురువారం పగలు పదకొండున్నర. ఐరోపా దాకా పదకొండు గంటలు, నడుమ మూడు గంటల విరామం, అక్కడినుంచి బెంగళూరుకు తొమ్మిది. మొత్తం ఇరవై మూడు. అంటే శుక్రవారం పొద్దున పదిన్నరకు విమానం దిగుతుంది, మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాడు. ముప్పై ఏళ్ళు బ్యాంకులో వడ్డీలు కట్టినవాణ్ణి, ఆ ధీమాతోనే వచ్చిన బంధువులందరికీ "శుక్రవారం మధ్యాహ్నం" అని చెప్పేశాను. ఐసు పెట్టె తెప్పించాము.

ఐరోపాలో మంచు కురిసింది. మొదటి విమానం ఆలస్యంగా దిగింది, రెండోది వెళ్ళిపోయింది. వాణ్ణి ఇంకో ఊరి మీదుగా పంపారు. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు మా పెదనాన్న లేచి, "ఇంక వద్దురా, పొద్దు వాలుతోంది" అన్నారు. శ్మశానం గేటు దగ్గర నిలబడి తమ్ముడికి ఫోను చేశాను. ఏదో విమానాశ్రయంలో కుర్చీ మీద కూర్చుని ఉన్నాడు. "కానీయన్నా" అని ఒక్క మాట అన్నాడు. శనివారం తెల్లవారి అయిదు గంటలకు ఇంటి ముందు టాక్సీ దిగాడు. అప్పటికి దీపం మాత్రమే మిగిలింది.

ఫోను చేసిన ఘడియ నుంచి గడప తొక్కేదాకా నలభై ఏడు గంటల పైచిలుకు. అందులో గాలిలో ఉన్నది సగం కన్నా తక్కువ. మిగతాదంతా టికెట్టు కోసం, మూడు గంటల ముందే విమానాశ్రయం చేరడం కోసం, తప్పిపోయిన విమానం కోసం, పాస్‌పోర్టు ముద్ర కోసం, పెట్టె కోసం, టాక్సీ కోసం. విమాన ప్రయాణాన్ని విమానం వేగంతో లెక్కకట్టడమే నేను చేసిన పొరపాటు. గంటకు 900 కిలోమీటర్లు పోయే వాహనం దిగి, దేవనహళ్ళి నుంచి బెంగళూరు దక్షిణపు కొసకు నలభై కిలోమీటర్లు రావడానికి రెండు గంటలు పట్టే ఊళ్ళో ఉంటూ కూడా నాకది తట్టకపోవడం విచిత్రం.

సరే, అమ్మ ప్రశ్నకు ఈసారి సరిగా జవాబు చెప్పాలని పట్టుదల కలిగింది. పిల్లల చదువుల నాటి గ్లోబు ఒకటి అటక మీద ఉంటే దించాను. గోడ మీద వేలాడే పటం ఈ విషయంలో పనికిరాదు. గుండ్రటి భూమిని చదునుగా పరచేసరికి ధ్రువాల దగ్గర అంతా సాగిపోయి, బెంగళూరు ఒక అంచున, అమెరికా ఇంకో అంచున పడతాయి. గ్లోబు మీద అమ్మ పూలు కట్టే దారమే తీసుకుని ఒక కొస బెంగళూరు మీద, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద అదిమి బిగించి లాగాను. దారం తూర్పుకు పోలేదు, పడమటికీ పోలేదు. నేరుగా ఉత్తరానికి ఎక్కి, టిబెట్ మీదుగా, చైనా, సైబీరియాలు దాటి, ఉత్తర ధ్రువ ప్రాంతపు అంచు తాకి, అలాస్కా మీదుగా కిందికి దిగింది. గుండ్రటి వస్తువు మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి అదే. కొలిస్తే సుమారు 13,990 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు గనుక ఏ రెండు ఊళ్ళ మధ్యనైనా 20,000 మించి దూరం ఉండే వీలు లేదు. ఆ ఇరవై వేలల్లో పధ్నాలుగు వేలు మాకు వచ్చాయి.

మా గ్లోబు అడ్డకొలత ముప్పై సెంటీమీటర్లు. దారం ముప్పై మూడు వచ్చింది. అమ్మ దారాన్ని తీసుకుని చేత్తో కొలిచి, "జానెడున్నర" అంది.

విమానాలు ఆ దారం వెంట పోతాయా అంటే, పోవు. టిబెట్ పీఠభూమి పొడుగునా ఎగరడానికి ఇష్టపడరు. విమానం లోపల గాలి ఒత్తిడి పోతే పదివేల అడుగులకు దిగాలి. అక్కడ నేలే అంతకంటే ఎత్తుగా ఉంది, దిగేదెక్కడికి? అదిగాక ఏ దేశం ఎప్పుడు తన ఆకాశాన్ని మూస్తుందో చెప్పలేము. 2022లో యుద్ధం మొదలయ్యాక రష్యా మీదుగా అమెరికా, ఐరోపా విమానాలు ఎగరడం ఆగిపోయింది, మన విమానాలకు మాత్రం ఆ దారి తెరిచే ఉంచారు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకు మూసినప్పుడు ఢిల్లీ నుంచి అమెరికాకు పోయే కొన్ని విమానాలు నడుమ ఐరోపాలో దిగి ఇంధనం పోసుకుని పోవలసి వచ్చింది. పొలం గట్టు మీద దారి మూసేసినట్టే ఇదీ.

అన్నిటికన్నా పెద్దది గాలి. ముప్పై, నలభై వేల అడుగుల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు గాలి నది లాగా పారుతుంది. గంటకు నూరు, నూటయాభై, ఒక్కోసారి రెండు వందల కిలోమీటర్లు దాటి వీస్తుంది. బళ్ళో చదివిన పడవ, ప్రవాహం లెక్క గుర్తు తెచ్చుకోండి. 14,000 కిలోమీటర్లు, వేగం 900 అయితే పదిహేనున్నర గంటలు. వెనక గాలి నూరు తోడైతే పధ్నాలుగు. ఎదురుగాలి నూరు తగిలితే పదిహేడున్నర. ఒకే దూరం, ఒకే విమానం, తేడా మూడున్నర గంటలు.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటి ఉంది. ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు విమానం మొదలుపెట్టినప్పుడు అది ఐరోపా, అట్లాంటిక్ మీదుగా పడమటికి పోయేది. 2016 అక్టోబరులో దాన్ని తిప్పి పసిఫిక్ మీదుగా తూర్పుకు పంపారు. పాత దారి 13,900 కిలోమీటర్లు, కొత్తది 15,300. అంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినా పధ్నాలుగున్నర గంటల్లో చేరింది, పాతదాని కంటే దాదాపు రెండు గంటలు ముందు. దూరం పెరిగితే కాలం తగ్గడం మన బస్సులకూ, రైళ్ళకూ సాధ్యం కాని సంగతి. ఇది చదివినప్పుడు నేను రెండుసార్లు కూడి చూశాను.

బెంగళూరుకు నేరు విమానం మరి కాస్త ఆలస్యంగా వచ్చింది. 2021 జనవరి 9 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన మొదటి విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చి 11వ తేదీ తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. దాదాపు పదిహేడు గంటలు ఎక్కడా నేల తాకలేదు. నడిపింది నలుగురు మహిళా పైలట్లు: జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. ఆ వార్త చూసిన రోజున మా ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. రెండేళ్ళ ముందు ఈ విమానం ఉండి ఉంటే, అని అందరి మనసులోనూ ఉన్నదే.

అటువంటి విమానం కడుపు నిండా ఇంధనం. బోయింగ్ 777-200 ఎల్‌ఆర్ రకానికి లక్షా ఎనభై వేల లీటర్లు పడుతుంది. ఆ బరువు మోయడానికే మొదటి గంటల్లో బోలెడు ఇంధనం ఖర్చవుతుంది. అప్పు తీర్చడానికి చేసే అప్పు వంటిదన్నమాట. ధ్రువం మీద ఎగిరేటప్పుడు ఆ ఇంధనం గడ్డకట్టకుండా వేడిమిని గమనిస్తూ ఉంటారు. మామూలు విమాన ఇంధనం మైనస్ 40, 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలెడుతుంది.

నేరు విమానం లేకపోతే కొంప మునిగేదేమీ లేదు, దూరం మటుకు చూస్తే. బెంగళూరు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ 7,400 కిలోమీటర్లు, అక్కడి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో 9,150. మొత్తం 16,550. దారంతో పోలిస్తే రెండున్నర వేలు ఎక్కువ, అంటే మూడు గంటల పని. పోయేది నడుమ మకాంలో. రెండు గంటల విరామం ఉన్న టికెట్టు చూడడానికి బాగుంటుంది గాని, మొదటి విమానం గంట ఆలస్యమైతే ముసలివాళ్ళను తోసుకుంటూ పరుగెత్తాలి. నా మాట విని, పెద్దవాళ్ళతో పోయేవారు నడుమ నాలుగు గంటలైనా పెట్టుకోండి. రెండు విమానాలకూ ఒకే టికెట్టు తీసుకోండి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైనా రెండోదాని బాధ్యత మనదే. నేరు విమానాలు వస్తూ పోతూ ఉంటాయి, టికెట్టు కొనే రోజున ఏది ఉందో చూసుకోవడమే మంచిది.

ఇవన్నీ అమ్మకు చెప్పాననుకునేరు. చెప్పింది కొంతే. "మంచు పడకుంటే ఒకటిన్నర పొద్దు, పడితే రెండు పొద్దులు దాటుతుంది" అన్నాను. అమ్మ దారాన్ని ఉండ చుట్టి పూలబుట్టలో పడేసి, "అయితే నేనే పోయి చూసొస్తా" అంది. ఎనభై ఒకటో ఏడు ఆమెకు.

వీసాకు ఆ రోజుల్లో ఏళ్ళ తరబడి ఎదురు చూడవలసి వచ్చేది. అదృష్టవశాత్తు ఎనభై దాటినవారికి ఇంటర్వ్యూ అక్కర్లేదన్న వెసులుబాటు అప్పట్లో ఉండేది. డాక్టరు గారు కాళ్ళకు బిగుతు మేజోళ్ళు వేసుకోమన్నారు, రెండు గంటలకొకసారి లేచి నడవమన్నారు, నీళ్ళు తాగమన్నారు. అన్ని గంటలు కదలకుండా కూర్చుంటే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. వయసు మళ్ళినవారు దీన్ని తేలికగా తీసుకోకూడదు. బ్యాంకులో సెలవు పెట్టి నేనూ, మా ఆవిడా తోడు వెళ్ళాము.

2023 ఏప్రిల్‌లో ఒక శుక్రవారం మధ్యాహ్నం రెండు దాటాక బెంగళూరులో నేరు విమానం ఎక్కాము. శుక్రవారం అమ్మకు ఒక్కపొద్దు. విమానాశ్రయంలో పదకొండు గంటలకు పెరుగన్నం తిన్నది, ఆ రోజుకు అంతే. విమానం బంగాళాఖాతం మీదుగా తూర్పుకు పోయింది. సూర్యుడికి ఎదురు పోతున్నాము గనుక చీకటి తొందరగా పడింది. రాత్రి కూడా పొట్టిదే. జపాను దాటి సముద్రం మీద ఉండగా కిటికీలో వెలుతురు వచ్చింది.

అమ్మ ముసుగు తీసి, "తెల్లారింది. శనివారం వచ్చింది గదా, ఏమన్నా పెట్టమను" అంది.

"అమ్మా, ఇంకా శుక్రవారమే" అన్నాను. పసిఫిక్ నడుమ తేదీ గీత ఒకటి ఉందనీ, దాన్ని తూర్పుకు దాటితే తేదీ ఒకటి వెనక్కి పోతుందనీ, బెంగళూరులో అర్ధరాత్రి మొదలైన శుక్రవారం శాన్‌ఫ్రాన్సిస్కోలో అర్ధరాత్రికి ముగుస్తుంది గనుక మన పాలిట ఈ శుక్రవారానికి ఇరవై నాలుగు కాదు, ముప్పై ఆరున్నర గంటలనీ చెప్పాను. ఏప్రిల్‌లో రెండు ఊళ్ళకూ తేడా పన్నెండున్నర గంటలు. చలికాలంలో అయితే పదమూడున్నర, వాళ్ళు గడియారం తిప్పుకుంటారు.

అమ్మ అంతా విన్నది. "సూర్యుడు ఒకసారి పోయి మళ్ళీ లేచినాడా లేదా?" అని అడిగింది. లేచాడు. "అయితే వేరే పొద్దు. నీ తేదీలు నీ బ్యాంకులో పెట్టుకో" అని ఉప్మా తిన్నది. ఒక్కపొద్దు అన్న మాటకు అర్థం అదే కదా అని నేనూ ఊరుకున్నాను.

దిగేసరికి అక్కడ శుక్రవారం సాయంత్రం ఆరు కావస్తోంది. గడియారం ప్రకారం మూడున్నర గంటల ప్రయాణం. ఒకప్పుడు ములబాగిలు నుంచి బెంగళూరుకు బస్సులో ఇంచుమించు అంతే పట్టేది. తమ్ముడు చక్రాల కుర్చీకి ఎదురొచ్చి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు. అందరూ పక్కనుంచి తప్పుకుని పోతున్నారు, వాడు లేవడు.

రెండు వారాల తర్వాత అనుకుంటాను, వంటింట్లో అందరం ఉన్నాము. దేనికో మాట వచ్చి తమ్ముడు, "అమ్మా, ఈసారి అన్న ఫోను చేసిన మరునిమిషం బయలుదేరతాను, ఎట్లాగైనా అందుకుంటాను" అన్నాడు. ఎవరి గురించో ఎవరూ అడగలేదు.

"వద్దు" అంది అమ్మ, బీన్సు తుంచుతూ. "నాయనప్పుడు రెండు పొద్దులు తిండి లేకుండా వచ్చినావు. వచ్చి ఏడ్చేదానికి కూడా నీకు బలం లేదు. దారి నేను చూసినాను గదా, అది మనిషి చేతిలో లేదు. అన్న పెడతాడు నిప్పు. నువ్వు తిని, నిద్రపోయి, పదోనాటికి రా. అంతకు ముందు, నేను మాట్లాడేటప్పుడు ఒకసారి రా. ప్రతి ఏడూ రా."

తమ్ముడు సింకు వైపు తిరిగి చాలాసేపు గిన్నె కడిగాడు. మా ఆవిడ పొయ్యి ఆపింది. నేను ఏదో చెప్పబోయి మానుకున్నాను. నా దగ్గర ఉన్నవన్నీ గంటల లెక్కలే.

వాడు ఆ ఏడు సంక్రాంతికి వచ్చాడు. ఆ మరుసటి ఏడూ వచ్చాడు. ఎన్నాళ్ళ సెలవు దొరికితే అన్నాళ్ళు.

జూన్‌లో మేము తిరిగి వచ్చిన సంగతి చెప్పి ముగిస్తాను. బుధవారం రాత్రి తొమ్మిదికి అక్కడ ఎక్కాము, మనకు గురువారం పొద్దున తొమ్మిదిన్నర. ఎదురుగాలి, పదిహేడున్నర గంటలు పట్టింది. బెంగళూరులో శుక్రవారం తెల్లవారి మూడుకు దిగాము. గురువారం మా చేతికి దక్కింది పదకొండున్నర గంటలు మాత్రమే. పోయేటప్పుడు శుక్రవారం ముప్పై ఆరున్నర, వచ్చేటప్పుడు గురువారం పదకొండున్నర. కూడితే నలభై ఎనిమిది, సరిగ్గా రెండు రోజులు. టాక్సీలో కూర్చుని ఇది కనిపెట్టి, లెడ్జరు టాలీ అయిన గుమాస్తా లాగా సంబరపడి అమ్మకు చెప్పాను.

అమ్మ కిటికీలోంచి దేవనహళ్ళి చీకటి చూస్తున్నది. "అయితే ఈరోజు శుక్రవారమేనా?" అంది.

అవునన్నాను.

"రాత్రికి నాకు వండొద్దని చెప్పు."